రోజుకో పేజీ వాక్య ధ్యానం: దినఫలంలా కాకుండా ఉత్తరంలా ఎలా చదవాలి

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికని ఒక బైబిలు వచనం రాసి ఉన్న చీటీ) తీసుకోవడం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ అలవాటు. పళ్ళెంలో చెయ్యి పెట్టి ఒకటి తీస్తాం, అక్కడే వెలుతురు వెతుక్కుని చదువుకుంటాం. ఆశీర్వాదం గురించి వస్తే ముఖం వెలిగిపోతుంది. ఓపిక పట్టమని వస్తే కాస్త చిన్నబోతుంది. ఒక ఏడాది ఎవరూ చూడకుండా ఇంకొకటి తీద్దామా అని నాకే అనిపించింది. తీయలేదు. పక్కనే మా అత్తగారు ఉన్నారు.

అనుదిన ధ్యానాల పుస్తకాన్ని కూడా మనం ఇలాగే చదువుతున్నామని నా అనుమానం. తేదీ చూసి పేజీ తిప్పుతాం. పైనున్న వచనంలో ఈ రోజు నాకేం రాసి ఉందా అని వెతుకుతాం. కింది నాలుగు పేరాలు గబగబా చదివి, ఫోటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. పేపర్లో రాశిఫలం చూసుకోవడానికీ దీనికీ తేడా ఏమిటో పిల్లలు అడిగితే జవాబు చెప్పడం కష్టం. పుస్తకం తప్పు కాదిది, చదివే తీరులో ఉంది. అది మార్చుకోవడానికి రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఎలాగో చెబుతాను.

ముందు వేళ చూసుకోండి, పుస్తకం తర్వాత

తెల్లవారుజామున నాలుగింటికి లేచినవాళ్ళదే అసలు భక్తి అని మన సంఘాల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్ళాడని మార్కు మొదటి అధ్యాయంలో ఉన్న మాట నిజమే. అయితే ఇస్సాకు ధ్యానించడానికి పొలంలోకి వెళ్ళింది సాయంకాలం (ఆదికాండము 24:63). 63వ కీర్తన రాసినవాడు పడక మీద, రాత్రి జాముల్లో దేవుణ్ణి తలుచుకున్నాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. కాబట్టి అమెరికా షిఫ్టు ముగించుకుని పొద్దున ఆరింటికి ఇల్లు చేరేవాళ్ళు నాలుగింటికి లేవలేకపోతున్నామని దిగులు పడక్కర్లేదు.

చూసుకోవాల్సింది ఒక్కటే. రోజులో మిమ్మల్ని ఎవరూ పిలవని పదిహేను నిమిషాలు ఎక్కడున్నాయి? పిల్లల డబ్బాలు కట్టి బస్సు ఎక్కించాక కావచ్చు. ఆఫీసు పార్కింగులో బండి ఆపాక కావచ్చు. లోకల్ రైలు ఎక్కే ముందు స్టేషన్ బెంచీ మీద కావచ్చు. ఆ వేళ, ఆ చోటు మార్చకండి. కుర్చీ కూడా అదే ఉంటే మంచిది. వారం తిరిగేసరికి ఆ కుర్చీలో కూర్చోగానే మనసు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. బైబిలు యాప్‌లోనే చదువుతానంటారా, సరే, డేటా ఆపేయండి. వచనం చదువుతుండగా పైనుంచి ఫ్యామిలీ గ్రూపు మెసేజ్ జారితే ఇక ఆ రోజు ధ్యానం అయిపోయినట్టే.

ఒక్క పుస్తకం చాలు

ఈ అనుదిన వచనాల సంప్రదాయం ఎక్కడ మొదలైందో తెలిస్తే ఎలాంటి పుస్తకం ఎంచుకోవాలో కూడా తెలుస్తుంది. 1728 మే 3న జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్ళో, మొరేవియన్లు అనే ప్రొటెస్టెంటు విశ్వాసుల సాయంకాల కూడికలో వాళ్ళ నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు మరుసటి రోజు కోసం ఒక మాట ఇచ్చాడు. పొద్దున్నే కొందరు సహోదరులు ఆ మాటను ఇంటింటికీ తీసుకెళ్ళి చెప్పి, ఆ ఇంటివాళ్ళ మంచిచెడ్డలు కనుక్కునేవారు. 1731లో ఏడాది మొత్తానికీ సరిపడా వచనాలతో అచ్చుపుస్తకం వచ్చింది. ఇప్పటికీ ప్రతి ఏటా వస్తోంది. అందులో పాత నిబంధన వచనాన్ని నేటికీ చీటీ తీసే ఎంచుతారు, మన వాగ్దాన కార్డులాగే. కానీ దానికి తోడుగా కొత్త నిబంధన నుంచి ఇంకో వచనాన్ని ఆలోచించి ఎంచి పెడతారు. చీటీ తీసిన మాటను ఒంటరిగా వదిలేయరు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే.

మీరు కొనబోయే పుస్తకంలోనూ అదే చూడండి. పేజీ పైన ఒక్క వచనమే ఉందా, చదవాల్సిన వాక్యభాగం కూడా ఇచ్చారా? ‘కీర్తన 27:1’ అని మాత్రమే ఉన్న పుస్తకం కంటే ‘చదవండి: కీర్తన 27:1–14’ అని ఉన్నది మేలు. 1935లో అమెరికాలో మెథడిస్టులు మొదలుపెట్టిన పత్రిక మన దగ్గర ‘మేడగది’ పేరుతో తెలుగులో ఉంది. అందులో రోజూ చదవాల్సిన భాగం, చిన్న సాక్ష్యం, ప్రార్థన ఉంటాయి. అలాంటి అమరిక కొత్తవాళ్ళకు సులువు.

ఇంకొకటి గమనించండి. మన చేతికొచ్చే చాలా ధ్యానాలు ఇంగ్లీషు నుంచి అనువాదాలు. మంచు తుపానులో ఇరుక్కున్న కారు, చలిమంట పక్కన తాతయ్య... ఇలాంటి ఉదాహరణలు వస్తాయి. చదవకూడదని కాదు, వాటిలో గొప్పవి ఉన్నాయి. కాకపోతే మే నెలలో, రెంటచింతల ఎండలో, కరెంటు పోయినప్పుడు మంచు తుపాను కథ గుండెకు తగలకపోతే అది మీ విశ్వాసంలో లోపమని అనుకోవద్దు. కథ వదిలేసి వాక్యభాగం పట్టుకోండి.

రెండు మూడు పుస్తకాలు, ఇంకో రెండు యూట్యూబ్ ఛానళ్ళు, పాస్టరుగారి వాట్సాప్ ఆడియో అన్నీ కలిపి పెట్టుకోవద్దు. ఒక్కటి ఎంచుకుని కనీసం మూడు నెలలు దానితోనే ఉండండి.

ముందు బైబిలు, ఆ తర్వాతే ధ్యానం పేజీ

అసలు పని ఇక్కడుంది. పుస్తకంలో ఇచ్చిన భాగం ఏమిటో చూసి, పుస్తకం మూసేయండి. బైబిలు తెరవండి. ఒక్క వచనమే ఇచ్చి ఉంటే ఆ అధ్యాయమంతా చదవండి. ఎవరో నమిలి పెట్టిన ముద్ద కంటే మన పళ్ళతో నమిలింది ఒంటికి పడుతుంది.

ఒక ఉదాహరణతో చేసి చూద్దాం. వాగ్దాన కార్డుల మీద, గోడ క్యాలెండర్ల మీద అందరికంటే ఎక్కువ కనిపించే వచనాల్లో ఒకటి యిర్మీయా 29:11. మీ గురించి నా ఉద్దేశాలు నాకు తెలుసు, అవి ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అని దేవుడు చెప్పే మాట. ఎంసెట్ ఫలితాల రోజు, వీసా ఇంటర్వ్యూ రోజు ఈ వచనాన్ని ఫోన్లో ఎన్నిసార్లు పంపించుకున్నామో.

ఇప్పుడు ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. మొదటి వచనంలోనే తెలుస్తుంది, ఇది ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా, బబులోనుకు చెరగా వెళ్ళిన యూదులకు రాసింది. ఊరు పోయింది, దేవాలయం దూరమైంది, పరాయి దేశంలో ఉన్నారు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని సభలో అందరి ముందూ చెప్పాడు. ఆ మాట వినడానికి ఎంత బాగుందో! యిర్మీయా ఉత్తరం అలా లేదు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంది. పదో వచనంలో అసలు సంగతి చెప్పింది. 70 ఏళ్ళు. దాని వెంటనే వస్తుంది మన కార్డు మీది పదకొండో వచనం.

అంటే ఆ ఉత్తరం విన్నవాళ్ళలో నడివయసు దాటిన ఎవరికీ తిరుగు ప్రయాణం లేదు. ఆ మాట వాళ్ళకు ‘రేపే నీ పని అయిపోతుంది’ అని చెప్పలేదు. ‘మీరు చూడకపోయినా నేను మరిచిపోలేదు, ఈలోగా అక్కడే బతకండి, బాగా బతకండి’ అని చెప్పింది. ఫలితాల రోజు ఈ వచనం పంపకూడదా? పంపండి. సీటు రాని పిల్లాడికి పంపండి, అప్పుడే దాని బరువు తెలుస్తుంది. కువైట్‌లోనో డల్లాస్‌లోనో ఉంటూ, ఈ ఊరు మనది కాదు కదా అని సగం మనసుతో బతుకుతున్న తెలుగువాళ్ళకు ఐదు నుంచి ఏడు వరకు ఉన్న వచనాలు పంపితే ఇంకా బాగా తగులుతాయి.

ప్రతి రోజూ ఇంత తవ్వక్కర్లేదు. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎవరు, ఎవరికి చెబుతున్నారు? వాళ్ళప్పుడు ఏ స్థితిలో ఉన్నారు? ఈ వచనానికి ముందు మాట ఏమిటి, తర్వాత మాట ఏమిటి? ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న మాటకు (ఫిలిప్పీ 4:13) పై రెండు వచనాలు చదివి చూడండి. పౌలు పరీక్ష గెలవడం గురించి చెప్పడం లేదు. ఆకలితో ఉన్నా, కడుపు నిండినా ఒకేలా ఉండడం నేర్చుకున్నానంటున్నాడు, అదీ సంకెళ్ళలో ఉండి.

ఇవన్నీ అయ్యాకే ధ్యానం పేజీ తెరవండి. అప్పుడు రచయిత మీకు పక్కన కూర్చుని మాట్లాడే మనిషిలా ఉంటాడు. కొన్నిసార్లు మీకు తట్టనిది చెబుతాడు. కొన్నిసార్లు ‘ఇది ఈ వచనంలో లేదే’ అని మీకే అనిపిస్తుంది. అలా అనిపించడం తప్పు కాదు. బెరయ అనే ఊరివాళ్ళు పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో రోజూ సరిచూసుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11).

పాత మాటల దగ్గర ఆగండి

మన బైబిలు తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. చిన్నప్పుడు సండే స్కూల్లో ‘సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము’ అని కంఠతా పట్టాను. అంటే లెక్కల టీచర్ కంటే దేవుడికే సరైన ఆన్సర్ తెలుసని చాలా ఏళ్ళు అనుకున్నాను. అక్కడ సమాధానం అంటే శాంతి, నెమ్మది అని తెలిసేసరికి పదో తరగతికి వచ్చాను.

ఇలాంటివి చాలా ఉన్నాయి. ‘సెలవిచ్చెను’ అంటే చెప్పాడు, లీవు ఇచ్చాడని కాదు. ‘నిరీక్షణ’ అంటే మామూలు వాడుకలో ఎదురుచూపు, బైబిల్లో ఆశ. (పైన చెప్పిన 70 ఏళ్ళ ఉత్తరంలో రెండర్థాలూ అతికినట్టు సరిపోతాయి, అది వేరే సంగతి.) అలవాటైన మాట కదా అని కళ్ళు దాని మీదుగా జారిపోతాయి. అక్కడే ఆగి, మా ఇంట్లో అయితే ఈ మాట ఎలా అంటాం అని పైకి అనుకోండి.

తేలికైన తెలుగులో ఉన్న అనువాదం ఒకటి పక్కన పెట్టుకుంటే ఈ పని సగం తగ్గుతుంది. తెలుగు సమకాలీన అనువాదం బైబిలు యాప్‌లలో ఉచితంగా దొరుకుతుంది. పాతదాన్ని మానేయమనడం లేదు. కంఠతా పట్టడానికి, కష్టంలో నోటికి రావడానికి ఆ పాత లయకు సాటి లేదని నా నమ్మకం. అర్థానికి కొత్తది, నోటికి పాతది.

పెదవులు కదలనివ్వండి

ధ్యానం అంటే కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడమని అనుకుంటాం. ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు’ అని మొదటి కీర్తనలో ఉన్న చోట హెబ్రీ మాట ‘హాగా’. గొణుక్కోవడం, లోలోపల శబ్దం చేయడం అని దాని అర్థం. యెషయా గ్రంథంలో సింహం వేట మీద నిలబడి గుర్రుమనడానికీ, గువ్వ మూలగడానికీ ఇదే మాట వాడారు.

కాబట్టి వాక్యభాగం పైకి చదవండి, వినీ వినిపించనట్టయినా సరే. మిమ్మల్ని ఆపిన ఒక్క ముక్కను నాలుగైదు సార్లు నెమ్మదిగా అనుకోండి. ప్రతిసారీ వేరే పదం మీద బరువు పెట్టండి. రోజంతా మోయగలిగినంత చిన్న ముక్క తీసుకోండి, పూర్తి వచనం అక్కర్లేదు. మధ్యాహ్నం బస్టాపులో, రాత్రి అంట్లు తోముతూ దాన్నే మళ్ళీ గొణుక్కోండి. అదే ధ్యానం. పొద్దున పదిహేను నిమిషాలు దానికి తోడు పెట్టినట్టు మాత్రమే.

రాసుకునేది రెండు లైన్లు

మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. అందమైన డైరీ కొంటే అందంగా రాయాలని టెన్షన్ మొదలవుతుంది, నాలుగో రోజుకు ఆగిపోతుంది. తేదీ, వాక్యభాగం, కింద రెండు లైన్లు. మొదటి లైనులో ఈ భాగం ఏం చెప్పింది, మీ మాటల్లో. రెండో లైనులో ఈ రోజు నేను చేయబోయే ఒక పని.

ఆ పని ఎంత చిన్నదైతే అంత మంచిది. ‘అందరినీ ప్రేమించాలి’ అని రాస్తే సాయంత్రానికి చేశారో లేదో మీకే తెలియదు. ‘మరిదికి ఫోన్ చేయాలి’ అని రాస్తే తెలుస్తుంది. నా నోట్‌బుక్‌లో ఇలాంటి ఒక లైను వరసగా పదకొండు రోజులు ఉంది, అదే పేరుతో. పన్నెండో రోజు ఫోన్ చేశాను. రాసుకోకపోయుంటే నేను వాయిదా వేస్తున్నానన్న సంగతే నాకు కనిపించేది కాదు.

చదివిన మాటతోనే ప్రార్థన

చదువు ఒకవైపు, ప్రార్థన ఒకవైపు అయిపోవడం మామూలే. వాక్యం చదివేసి, పుస్తకం మూసి, ఎప్పటి చిట్టానే మొదలుపెడతాం. ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లల చదువు, ఆమేన్. చిట్టా తప్పు కాదు. ముందుగా చదివిన భాగానికి జవాబు చెప్పండి, ఉత్తరానికి జవాబు రాసినట్టు. యిర్మీయా 29 చదివారనుకోండి: “ప్రభువా, నాకు రెండేళ్ళ మాటే ఇష్టం. 70 ఏళ్ళ మాట భయంగా ఉంది. ఈ ఊళ్ళో, ఈ ఉద్యోగంలో నాటాల్సిన తోట ఏదో చూపించు.” అంతే. ఆ తర్వాత చిట్టా కూడా కొంచెం మారుతుంది. మన కాలనీ పేరు, ఆఫీసులో మనకు పడనివాళ్ళ పేరు అందులోకి వస్తాయి.

తప్పిపోయిన రోజులు

తప్పిపోతాయి. జ్వరం వస్తుంది, పెళ్ళికి వెళ్తాం, బద్ధకిస్తాం. అప్పుడు చేయకూడనిది ఒక్కటే, వెనకబడ్డ ఆరు పేజీలు కూర్చుని ఒకేసారి లాగించడం. ఇవాళ్టి తేదీ పేజీ తిప్పండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా రోజుది రోజే ఏరుకోవాలి, దాచుకున్నది పురుగు పట్టింది కదా.

ఏడాదిలో బైబిలు మొత్తం పూర్తి చేయాలన్న జనవరి తీర్మానం గురించి కూడా ఒక మాట. 1189 అధ్యాయాలను 365తో భాగిస్తే రోజుకు మూడు పైచిలుకు. ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి 90 అధ్యాయాలు. జనవరి 28 నాటికి అవి అయిపోయి, లేవీయకాండంలో బలుల పద్ధతుల దగ్గరికి చేరతారు. ఎక్కువమంది బండి ఆగేది అక్కడే. అది భక్తి తగ్గి కాదు, లెక్క అలా ఉంది. దీనికి బదులు కొత్త నిబంధన తీసుకోండి. 260 అధ్యాయాలు, వారానికి ఐదు చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. వారానికి రెండు రోజులు తప్పినా లెక్క తప్పదు.

ఏమీ తోచని రోజులు వేరు. వాక్యం చదివినా రాయిలా ఉంటుంది, ప్రార్థన గది పైకప్పు దాటదు. ధ్యానాల పుస్తకాలు దాదాపు ప్రతి పేజీనీ వెలుగులోనే ముగిస్తాయి కాబట్టి అలాంటప్పుడు అవి ఇంకా దూరంగా అనిపిస్తాయి. పక్కన పెట్టేసి 88వ కీర్తన చదవండి. అది చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. బైబిల్లో దానికి చోటుంది, మీకూ ఉంది. ఆ స్థితి వారాల తరబడి ఉండి నిద్ర, ఆకలి పోతే డాక్టరుకు చూపించుకోండి. పాస్టరుగారికీ చెప్పండి.

కుటుంబ ప్రార్థన

రాత్రి అందరూ కూర్చునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, సంతోషం. అక్కడ ఒక్కటే నియమం: పది నిమిషాలు దాటకూడదు. ఒక పాటలో పల్లవి, ఒక చరణం. పొద్దున ఎవరో ఒకరు చదివిన భాగమే మళ్ళీ పిల్లల్లో ఒకరితో చదివించాలి. మీకేం అర్థమైంది అని అడగకండి, బడి అయిపోతుంది. మీకేం అర్థమైందో మీరు చెప్పండి. రెండు వాక్యాల ప్రార్థన.

ప్రార్థన పేరుతో ఎవరికీ క్లాసు పీకకూడదు. ‘ప్రభువా, ఈ మధ్య రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ చూస్తున్నవారిని క్షమించు’ అని తండ్రి అంటే ఆ ఆమేన్ ఎవరి నోటా రాదు. నేనూ చేశాను ఆ పని. మా అమ్మాయి కళ్ళు తెరిచి నా వైపే చూస్తోంది.

రేపు మొదలుపెట్టాలంటే

పుస్తకం కొనేదాకా ఆగక్కర్లేదు. మార్కు సువార్త 16 అధ్యాయాలు. రోజుకు సగం అధ్యాయం చొప్పున చదివితే నెల రోజులు వస్తుంది. ఈ రాత్రి పడుకునే ముందు బైబిలు తెచ్చి ఆ కుర్చీ పక్కన పెట్టండి. మార్కు మొదటి అధ్యాయం దగ్గర దారమో చీటీయో ఉంచండి. పెన్ను, నోట్‌బుక్ దాని మీద పెట్టండి. ఫోన్ ఛార్జర్ హాల్లోకి మార్చండి. రేపు ఇరవయ్యో వచనం దాకా.